ఆకు అడ్డం

మొదటిసారి మే నెలల పోయిన.
చందంపేట దాటినంక టేకుచెట్లన్నీ ఉత్త కట్టెలు,
గుట్ట మీద నీడ అన్నదే లేదు.
జాంగీర్ బొలెరో తోలుతుంటే
నా ఒళ్లె లాప్‌టాప్, ముందట అద్దం కాడ నాలుగు ఫోన్లు.
మేం పోయిన బాటంతా తెర మీద
చుక్క చుక్క పచ్చబడుకుంట వచ్చింది.
ఎర్రగుట్ట తండా పచ్చ. బడి పచ్చ.
రేషన్ షాపు లోపల గూడా పచ్చనే.
రిపోర్టు పంపి, దేవరకొండల చాయ్ తాగి,
పట్నం బస్సెక్కిన.

ఆగస్టుల ఫిర్యాదులొచ్చినయి, పదకొండు.
అన్నీ ఆ ఒక్క షాపు మీదనే.

మళ్ల పోతే గుట్టను గుర్తుపట్టలేదు నేను.
చాటలంత ఆకులు,
ఒక్కొక్క ఆకుల గుక్కెడు వాన.
తెర మీద చుక్కలు పసుపు, నారింజ, ఆఖరుకు ఎరుపు.
గుట్ట పచ్చబడ్డకొద్దీ
నా పటం ఎర్రబడ్డది.

డీలర్ నేనావత్ జమ్కు
వేలిముద్రల మిషన్‌ను రేకుల కప్పు మీద పెట్టింది,
గాలికి పడకుంట ఇటుక అడ్డం పెట్టి.
నిచ్చెన కింద లైను.
ఒక్కొక్కరు మూడు మెట్లెక్కి
బొటనవేలు పైకి చాపుతున్నరు,
మొగులు మీద నిశాని వేసినట్టు.
సున్నా తిరుగుతది. తిరుగుతది. మళ్ల పెట్టుమంటది.
ఎక్కలేని ముసలోళ్ల కోసం మిషన్ కిందికి దిగొస్తది,
సిగ్నల్ మాత్రం పైననే ఉంటది.

"పచ్చగ ఉన్నదని రాసుకపోతివి గద సారూ"
అన్నది జమ్కు. గొంతుల కోపం గూడా లేదు.

ఏం చెప్పాలె?
ఇరవై మూడు వందల బ్యాండు సంగతి చెప్పిన.
అది గజ్జెల సప్పుడసొంటిది,
పక్కన నిలబడితే ఒక్క మువ్వ గూడా తప్పిపోదు,
సినిమాకు సినిమానే మోసుకొస్తది,
గోడ అడ్డమొస్తే ఆడనే కూలబడతది.
తడి ఆకంటే ఇంక చెప్పొద్దు.
తొమ్మిది వందలది డప్పు.
పక్కూర్ల కొట్టినా గుట్ట చుట్టు తిరిగి
అర్ర లోపలికి వస్తది.
కాకపోతే దాంట్ల ఎక్కువ మాటలు పట్టవు.
ఏడు వందలదయితే ఇంకా బొంగురు గొంతు,
ఇంకా దూరం పోతది,
మీ టవర్‌కు అది రాలే, కాయితాల మీద ఉన్నది.

అంతా విన్నది.
లేచి, బియ్యం బస్తాల సందుల చెయ్యి పెట్టి
వాళ్ల మామ ఫోన్ తీసింది.
బటన్లది, మూత ఊడిపోతే బ్యాటరీకి రబ్బరు చుట్టింది.
"ఇదేం బ్యాండు సారూ?"
"రబ్బరు బ్యాండు" అన్నడు జాంగీర్.

రేకుల కింద, బస్తాల నడుమ,
ఆ ఫోన్ల మూడు గీతలు నిండుగ ఉన్నయి.

"డప్పు" అని నవ్వింది జమ్కు.
లైనంతా నవ్వింది, నేను తప్ప, తర్వాత నేను గూడా.

మిషన్ల సిమ్మును పాత బ్యాండుకే కట్టేసిన.
ఒక్క వేలిముద్ర పోయి రానీకి నిమిషం మీద చిల్లర.
రేషన్ లైన్ల నిమిషం ఎవరికి లెక్క?
మిషన్ కిందికి దిగింది. ముసలోళ్లు కూసునే వేలు పెట్టిండ్రు.
నిచ్చెనను ఎవరో మేకల దొడ్డికి పట్టుకపోయిండ్రు.

రిపోర్టు ఫారంల తారీఖుకు గడి ఉన్నది,
టవర్ ఎత్తుకున్నది, అక్షాంశం రేఖాంశాలకున్నది.
చెట్లకు ఆకులున్నయా అని అడిగే గడి లేదు.
అంచు మీద రాసిన:
మే నెల పటం అబద్ధం కాదు. అది మే నెలకే నిజం.
పైన ఎవరన్న చదువుతరో లేదో.

గుట్ట మలుపుకాడ చూస్తే
వెనక సీట్ల కవరు నిండ బోడకాకర.
జమ్కు ఎప్పుడు పెట్టిందో.
పైసలెంతని అడుగుదామని ఫోన్ తీసిన,
కొత్తది, అయిదో తరంది.
ఒక్క గీత లేదు.

"మే నెల దాక ఆగుర్రి" అన్నడు జాంగీర్
గేరు మార్చుకుంట.